చివరి మనిషి దిగేదాకా

మడలంక వాళ్ళకి నీటి మీద ఉన్నంత నమ్మకం నేల మీద లేదు. అందులో వాళ్ళ తప్పేమీ లేదు. కృష్ణ సముద్రంలో కలిసే చోట నేల ఏటేటా చోటు మార్చుకుంటుంది. నిరుడు దోసపాదులు పెట్టిన మెరక ఈ ఏడు పాయ అడుగున ఉంటుంది. లంకకీ ఒడ్డుకీ మధ్యనున్న పాయలో గడ ఎంత దించినా బురదే తప్ప అడుగు తగలదు. వంతెన కడతామని వచ్చిన పెద్దమనుషులు ఆ బురదలో గొట్టాలు దించి, గట్టినేల దొరక్క, దించిన గొట్టాలు కూడా పైకి రాక, చేతులు దులుపుకుని వెళ్ళిపోయారు.

అందుకే సువర్చల తన వంతెనకి కాళ్ళు లేకుండా చెయ్యాలనుకుంది. ఆమె పుట్టింది మడలంకలోనే. చదువుకుని, బందరులో ఒక తీర పరిశోధనశాలలో శాస్త్రవేత్త అయింది. తేలే వంతెన లోకానికి కొత్త కాదు. లోపల డొల్లగా ఉండే కాంక్రీటు పెట్టెల్ని ఒడ్డున పోతపోసి, పోటు వచ్చినప్పుడు నీళ్ళలోకి జార్చి, పడవలతో లాక్కొచ్చి ఒకదానికొకటి ఉక్కు చీలలతో బిగిస్తారు. మధ్యలో రబ్బరు దిండ్లు, పైన చెక్కల దారి. పెట్టెలు వాటంతటవే తేలతాయి. వాటిని ఉన్నచోట నిలపడమే కష్టం. ఎగువకీ దిగువకీ మోకులు వేసి, వాటి చివర మరలున్న లంగర్లు కట్టి, బురదలోకి తిప్పి దించుతారు. మోకు బిగువుగా ఉంటే పోటు లేచినప్పుడు లంగరు పీక్కొస్తుంది. వదులుగా ఉంటే నీరు తీసే పాటులో వంతెన విల్లులా వంగి విరుగుతుంది. అందుకని సువర్చల ప్రతి మోకుకీ ఒక యంత్రపు చక్రం పెట్టింది. నీరు లేచేకొద్దీ అది మోకు వదలాలి, తీసేకొద్దీ చుట్టుకోవాలి.

లెక్కలో తప్పేమీ లేదు. కానీ పరీక్షకని నాలుగు పెట్టెలు కలిపి పాయలో నిలిపితే, మొదటి అమావాస్య పోటుకే లంగర్లు ఊడి, ఆ ముక్క వెళ్ళి మడచెట్లలో కూర్చుంది. మోకు లాగిందని తెలిశాక చక్రం వదిలింది. ఆ పాయలో ఏటినీరు కిందికి, సముద్రం పైకి, ఒకదాని కడుపులోంచి ఒకటి దూరి వస్తాయి. అక్కడ తెలిశాక వదిలితే ఆలస్యమే.

చెట్లలో కూర్చున్న వంతెనని చూసి మొట్టమొదట నవ్వింది నాంచారమ్మ. ఆమె సువర్చలకి వదిన, రేవులో జనాన్ని దాటించే పంటు లాగే మనిషి. "మీ చక్రాలకి చెయ్యి లేదు గదా, మరదలు పిల్లా," అంది.

పాయకి అడ్డంగా కట్టిన మోకుని పట్టుకుని లాగితే పంటు ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకి నడుస్తుంది. ఒడ్డుకి చేరాక కూడా జనం దిగేదాకా తాడు బిగించి పట్టుకోవాలి, లేకపోతే పంటు తిరిగి వడిలోకి పోతుంది. మడలంక రేవులో ఒక ఆచారం ఉంది. ఆఖరున దిగినవాడు "దిగాను" అని గట్టిగా చెప్పాలి. ఆ మాట చెవిన పడేదాకా తాడు వదలకూడదు. వెనకటికి పంటు లాగింది సువర్చల తండ్రి. ఒక గాలివాన రోజున ఆ మాట వినపడకపోయినా, అందరూ దిగే ఉంటార్లే అనుకుని ఆయన తాడు వదిలాడు. పంటు వెనక కొసన ఉన్నది ఆయన కొడుకే, బాలవర్ధి. శవం కూడా దొరకలేదు. తండ్రి మళ్ళీ తాడు ముట్టలేదు. పెళ్ళై ఏడాది తిరగని నాంచారమ్మ, కర్మలు అయిన మర్నాడు వెళ్ళి ఆ తాడు పట్టుకుంది. ఎవరూ వద్దనలేదు. చెప్పే ధైర్యం ఎవరికుంది?

ఆమె నవ్విన నవ్వు సువర్చలకి నిద్రపట్టనివ్వలేదు. తరవాత కొన్నాళ్ళు ఆమె పంటు మీదే గడిపింది. వదిన చేతిని చూడ్డమే పని. అల కనిపించకముందే ఆ చెయ్యి సడలేది, అల దాటిపోకముందే బిగిసేది. అరచేతికి కొలత పట్టీలు అంటించి, మోకుకి వేరే కొలత పరికరం కట్టి చూస్తే, మోకులో లాగుడు నమోదయ్యేలోపే చెయ్యి జవాబు చెప్పేసింది. ఎట్టా తెలుస్తుందని అడిగితే నాంచారమ్మకే తెలీదు. "లాగేముందు అది వణుకుద్ది. నాకు అరచేతిలో చక్కిలిగింత పెట్టినట్టు ఉంటది," అంది.

పరిశోధనశాలలో ఒక పోగు ఉండేది. తలవెంట్రుక కంటే సన్నం. నరం పక్కన పెడితే నరంలాగే కుదురుకుంటుంది. చేతులు పోయినవాళ్ళకి పెట్టుడు చేతులు కలపడానికని చేసిన వస్తువు. దాన్ని నాంచారమ్మ ముంజేతుల్లో పెడితే, వంతెన మోకుల వణుకంతా ఆమె అరచేతికి చేరుతుంది. ఆ చెయ్యి ఇచ్చే జవాబు చక్రాలకి చేరుతుంది. ఆమె నిజంగా ఏ తాడూ పట్టుకోనక్కర్లేదు. ఇంట్లో ఉన్నా, సంతలో ఉన్నా సరే. ఒక ఏడాది, అన్ని పోట్లూ అన్ని వరదలూ తిరిగి వచ్చేదాకా అలా ఉంటే, యంత్రం ఆ చేతిని చూసి నేర్చుకుంటుంది. అప్పుడు పోగు తీసేస్తారు. సువర్చల ఇదంతా చెప్పి, ఇష్టం లేకపోతే మానెయ్యమని కూడా అంది. ఆ రెండో మాట ఎంత నీరసంగా అందో ఆమెకే తెలుసు.

నాంచారమ్మ ఒక్కటే అడిగింది. వంతెన వస్తే పంటు ఆగిపోతుంది గదా, మరి అప్పుడు తనేం చెయ్యాలి అని. ఏమీ చెయ్యనక్కర్లేదు, హాయిగా కూర్చోవడమే అంది సువర్చల.

"అదొక్కటే నాకు చేతకానిది," అంది నాంచారమ్మ. అని, చేతులు రెండూ చాపింది.

వంతెన నిలిచింది. అమావాస్య పోటుకి లేచింది, పాటుకి దిగింది, అటూ ఇటూ జానెడు కూడా జరగలేదు. మడలంకలోకి మొదటిసారి ఆటో వచ్చినరోజు పిల్లలు దాని వెంట లంక ఆ చివరిదాకా పరిగెత్తారు. రొయ్యలు మంచు కరక్కముందే ఒడ్డుకి చేరాయి. నెలలు నిండిన ఆడవాళ్ళు పంటు కోసం రేవులో కూలబడే రోజులు పోయాయి. రేవు కూడా పోయింది. ఇదివరకు పాయ దాటే ప్రతివాళ్ళూ నాంచారమ్మతో ఒక మాట కలిపి వెళ్ళేవాళ్ళు. ఇప్పుడు ఎవరి దారిన వాళ్ళు నడిచిపోతున్నారు. "ఏరు దాటేదాకా ఓడమల్లన్న, దాటాక బోడిమల్లన్న అని ఊరికే అన్నారా," అని ఆమె నవ్వేది. ఆ నవ్వులో నిష్ఠూరం లేదని సువర్చల అనుకుంది. అలా అనుకోవడమే అప్పుడు తేలిక.

వర్షాలు మొదలయ్యాక ఒక ఆదివారం సువర్చల లంకకి వచ్చేసరికి, నాంచారమ్మ పెరట్లో కత్తిపీట ముందు కూర్చుని ఉంది. బొమ్మిడాయిలు సగం బాగుచేసి ఉన్నాయి. వేళ్ళు గుప్పిటలా ముడుచుకుపోయి, చేప అందులోనే నలుగుతోంది. పాటు మొదలైందని ఆమె చెప్పింది, నీరు తీసేదాకా వేళ్ళు తెరుచుకోవని కూడా అంది. అంత మామూలుగా చెప్పింది. సువర్చల చేప వలిచి తీసి, చేతులు కడిగి, తనే పులుసు పెట్టింది. భోజనాల దగ్గర గ్లాసు రెండుసార్లు జారింది. గ్లాసు బరువెంతో ఏటి బరువెంతో చేతికి తేడా తెలియడం లేదట.

తినడం అయ్యాక నాంచారమ్మ జడ వెయ్యమని అడిగింది. వెనక కూర్చుని దువ్వుతుంటే వదిన తలలో తెల్లవెంట్రుకలు ఎప్పుడు ఇన్ని వచ్చాయో సువర్చలకి అర్థం కాలేదు. ఎదురుగా ఉన్నప్పుడు ఆమె చూసేది చేతుల్నే.

"నిద్దట్లో కూడా వదలటల్లేదే," అంది నాంచారమ్మ, వెనక్కి తిరక్కుండా. "పొద్దున లేస్తే గోళ్ళు అరచేతిలో దిగి ఉంటన్నాయి. ఏడాది అయిపోతే తీసేస్తావు గదా?"

తీసేస్తానంది సువర్చల. మర్నాడు నివేదికలో కండరాల బిగువు కొద్దిగా పెరిగిందని రాసింది.

ఏడాది అయింది. ఒక పాటు వేళ, పోగు పని ఆపేసి యంత్రాన్ని దాని బుద్ధికి వదిలారు. నీరు నెమ్మదిగా ఉన్నంతసేపు అది బాగానే నడిపింది. వడి పెరిగిందో లేదో మోకులు తడబడ్డాయి. వంతెన సంగతి అటుంచితే, ప్రయోగశాల మంచం మీదున్న నాంచారమ్మ గుప్పిళ్ళు బిగుసుకుపోయి, గుండె లయ తప్పి, ఆమె స్పృహ కోల్పోయింది. బరువు మీదున్న చేతిలోంచి బరువుని ఒక్కసారిగా తీసేస్తే నరం తట్టుకోలేదు. పరుగున పోగు మళ్ళీ కలిపారు. గుండె తేరుకుంది. యంత్రం ఏడాదిలో నేర్చుకున్నది ఏమీ లేదని ఆ రోజు తేలింది. అది ఆ చేతికి అలవాటు పడింది, అంతే.

మోకులన్నీ వదులైనప్పుడు, అంటే వంతెనని విప్పి ఒడ్డు వారగా చేర్చినప్పుడు మాత్రమే పోగు ఆపగలరు. వంతెన విప్పితే లంక మళ్ళీ లంకే. పరిశోధనశాల పెద్ద కృపానందం చెడ్డవాడు కాదు. పంటు కోసం ఆగి పాముకాటుకి చచ్చిపోయిన పిల్లవాడి సంగతి ఆయన మర్చిపోలేదు. ఒక మనిషి చేతులా, ఊరా అని ఆయన అడిగాడు. ఇంకో నాలుగు పాయల మీద ఇలాంటి వంతెనలకి అనుమతి వస్తోందనీ, అక్కడా తాడు పట్టే చేతులు వెతకాలనీ, ఆ పని సువర్చలే చూడాలనీ అన్నాడు. సువర్చల కాదనలేదు. అవుననలేదు. ఆమెకి ఆ వంతెనంటే ప్రాణం, వదినంటే కూడా ప్రాణమే. రెండింటిలో ఏది ఎక్కువో తేల్చుకోవలసిన రోజు రాకూడదని మాత్రం దేవుణ్ణి కోరుకుంది.

కార్తీకంలో తుఫాను వచ్చింది. ఎటో పోతుందన్నది తెల్లవారేసరికి దిశ మార్చుకుని పాయ ముఖంగా తిరిగింది. మధ్యాహ్నానికల్లా ఉప్పెన తగులుతుందన్నారు. ఆలోపు వంతెనని లంక వైపు నుంచి విప్పి, ఒడ్డు వారగా తిప్పి కట్టెయ్యాలి. విప్పకపోతే అది ఎలాగూ తెగుతుంది. తెగేముందు ఆ లాగుడంతా నాంచారమ్మ నరాల్లోకి వస్తుంది. కానీ జనం ఇంకా అవతలే ఉన్నారు, దాటడానికి ఆ వంతెన తప్ప వేరే దారి లేదు.

ఒడ్డున యంత్రాల గదిలో, నులకమంచం మీద నాంచారమ్మ పడుకుంది. ఎవరూ చెప్పకముందే తనే వచ్చి పడుకుంది. "నువ్వెళ్ళి అందర్నీ తోలుకురా. నేను పట్టుకుంటన్నా," అంది.

సువర్చల గాలికి వంగి నడుస్తూ లంకకి వెళ్ళింది. జనం మూటలతో, మేకలతో, చంటిపిల్లలతో దాటారు. వంతెన పెట్టె పెట్టెకీ లేస్తోంది, పడుతోంది. చీలలు కీచుమంటున్నాయి. అయినా పక్కకి ఒరగలేదు. ఆఖరున ఒక ముసలాయన్ని మంచంతో సహా మోసుకెళ్తున్న కొడుకుల వెనక సువర్చల నడిచింది. ఆమె అడుగు వేసినచోటల్లా చెక్క ఎదురొచ్చి పాదాన్ని అందుకున్నట్టు అనిపించింది. అది ఎవరి చెయ్యో ఆమెకి తెలుసు. వంతెన మీద ఏడవడానికి వీల్లేదు కాబట్టి నడిచింది. దిగగానే గదిలోకి పరిగెత్తింది.

విప్పమని చెప్పింది. యంత్రం దగ్గరున్న ఫణీంద్ర మీటలు నొక్కాడు. చక్రాలు కదల్లేదు. మళ్ళీ నొక్కాడు. ఒక్కో మోకు బిగువు చూపించే ముళ్ళన్నీ పైనే నిలబడ్డాయి. చక్రం ఆమె చెయ్యి చెప్పింది చేస్తుంది, ఆ చెయ్యి వదలమని చెప్పడం లేదు.

సువర్చల మంచం పక్కన కూలబడి, అందరూ వచ్చేశారు, వదిలెయ్యమంది. నాంచారమ్మ పెదాలు నల్లబడి ఉన్నాయి. "వదలాలనే ఉంది. రావటల్లేదే," అంది.

పోగు ఆపేద్దామన్నాడు, పొద్దుటే అక్కడికి వచ్చిన కృపానందం. ఇంత బరువు మీద ఆపితే ఈసారి గుండె తిరిగి కొట్టుకోదని సువర్చల అంది. ఆపకపోతే మాత్రం మిగులుతుందా అని ఆయన అడిగాడు. గుప్పిటలో వేళ్ళు పెట్టి విడదియ్యబోయింది సువర్చల. ఆ వేళ్ళని కదిలించడం ఆమె వల్ల కాలేదు.

అప్పుడు పేరంటాలు అనే ముసలావిడ తలుపు తోసుకుని లోపలికి వచ్చింది. తడిసి ముద్దయి ఉంది. వంతెన దాటాక నాంచారమ్మని చూసిపోదామని వచ్చిందట. ఎన్నో ఏళ్ళు పంటు ఎక్కి దిగిన మనిషి, తలుపు దగ్గరే నిలబడి, పాత అలవాటు కొద్దీ అంది.

"దిగానమ్మా నాంచారూ."

ఫణీంద్ర వెనక్కి తిరిగి చూశాడు. ఒక ముల్లు సగానికి దిగింది.

సువర్చలకి అప్పుడు తెలిసింది, వంతెన మీద దిగడమన్నదే లేదని. ఏడాదిగా వేలమంది ఆ చేతుల మీదుగా నడిచారు. ఒక్కరూ దిగానని చెప్పలేదు. చెప్పాలని ఎవరికీ తోచలేదు. ఆ రేవులోనే పుట్టిన తనకి కూడా తోచలేదు. ఆ చేతిలోని పట్టుని కొలిచింది, తూచింది, యంత్రానికి కట్టింది. ఆ చెయ్యి ఏ మాట వింటే వదులుతుందో చిన్నప్పటి నుంచీ తెలిసుండి, దాన్ని మాత్రం లెక్కలో వెయ్యలేదు.

తలుపు బార్లా తెరిచి, దాటొచ్చి పక్క షెడ్డులో తలదాచుకున్న వాళ్ళందర్నీ పిలిచింది. ఎందుకో చెప్పే వ్యవధి లేదు, చెప్పనక్కర్లేకపోయింది. ఇంటికొకరు చొప్పున వానలో వరస కట్టారు. వచ్చినవాళ్ళు వచ్చినట్టు ఆ గుప్పిటని ముట్టుకుని, దిగానమ్మా, దిగామక్కా, దిగాం తల్లీ అని చెప్పి పక్కకి తప్పుకున్నారు. మంచం మీద వచ్చిన ముసలాయన్ని మంచంతోనే లోపలికి తెచ్చారు. ఆయన మాటకి బదులు చెయ్యి తాకించాడు. ముళ్ళు ఒకటొకటిగా దిగాయి. వేళ్ళు ఒకటొకటిగా తెరుచుకున్నాయి. అవతల చక్రాలు తిరిగే మోత గాలిలో కూడా వినిపించింది.

లంక వైపు ఆఖరి మోకు ఒక్కటి మిగిలింది. కుడిచేతి చూపుడువేలు కొంకిలా వంగి అలాగే ఉంది. చెప్పవలసినవాళ్ళెవరూ మిగల్లేదు. నీళ్ళు గది మెట్టు దాకా వచ్చాయి.

సువర్చలకి అన్న గుర్తొచ్చాడు. వదిన ఇన్నేళ్ళుగా తాడు పట్టుకుని నిలబడింది ఎవరి మాట కోసమో ఆమెకి తెలుసు. వంగి, చెవిలో, "బాలవర్ధి అన్న కూడా దిగాడు వదినా," అంది.

నాంచారమ్మ కళ్ళు తెరిచింది. ఆ కళ్ళల్లో కోపం లేదు.

"మీ అన్న దిగలేదని నాకు తెలుసు. ఆయన సంగతి నాకు వదిలెయ్," అంది. ఊపిరి తీసుకుని, "నువ్వు దిగావా?" అంది.

అది సువర్చలకి తట్టనేలేదు. నిజమే, వంతెన మీద ఆఖరి మనిషి తనే. అందరి చేతా చెప్పించింది గానీ తను చెప్పలేదు. చెప్పడానికి ఒక్క ముక్కే. కానీ ఒట్టి చెక్కల మీంచి దిగినంత మాత్రాన దిగినట్టు కాదని ఆమెకి తెలుసు. కృపానందం పక్కనే నిలబడి ఉన్నాడు. నాలుగు పాయలు, నాలుగు వంతెనలు, వెతకవలసిన చేతులు ఆమె కళ్ళ ముందున్నాయి. కాదని ఇంతవరకూ చెప్పలేదు. అబద్ధం చెబితే ఆ వేలు కదలదు. ఒకటి అప్పుడే చెప్పి చూసింది.

ఆ వేలుని రెండు చేతులతో పట్టుకుంది.

"దిగాను వదినా. ఇంక ఎక్కను. ఎవరి చేతుల మీదా ఎక్కను."

వేలు తెరుచుకుంది. బయట వంతెన లంకని వదిలి, బరువుగా తిరిగి, వచ్చి ఒడ్డుకి ఒరుసుకుని ఆగింది. ముళ్ళన్నీ కిందున్నాయని ఫణీంద్ర చెప్పాడు. సువర్చల లేచి, తన చేత్తోనే పోగు పని ఆపింది. నాంచారమ్మ గుండె కొట్టుకుంటూనే ఉంది. కృపానందం మంచానికి ఒక పక్క పట్టాడు. అందరూ కలిసి ఆమెని మెరకకి మోసుకుపోయారు.

ఉప్పెనకి ఇళ్ళు పోయాయి, మనుషులు పోలేదు. నాంచారమ్మ చేతులు పోయినట్టే. పోగు తీసేసినా వేళ్ళు మళ్ళీ ముడుచుకోలేదు. తెరిచినవి తెరిచినట్టే ఉన్నాయి. అన్నం ముద్ద పెట్టాలి, జడ వెయ్యాలి, కొంగు సర్దాలి. అన్నీ సువర్చలే చేస్తుంది. ఉద్యోగం మానేసినప్పుడు కృపానందం వచ్చి చాలాసేపు కూర్చుని వెళ్ళాడు. ఆ విద్య తనతో ఆగిపోదని సువర్చలకి తెలుసు. ఇంకెవరో ఇంకెక్కడో ఇంకొక చెయ్యి వెతుకుతారు. అది తలుచుకున్న రోజున ఆమెకి అన్నం సయించదు. అందుకే ఆ చేతులకి జరిగిందేమిటో అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ చెబుతూనే ఉంది.

మడలంకకి మళ్ళీ పంటు వచ్చింది. తాడు ఇప్పుడు పేరంటాలు కోడలి చేతిలో ఉంది. నాంచారమ్మ పొద్దున్నే రేవుకి వచ్చి, తెరిచిన చేతులు ఒళ్ళో పెట్టుకుని మెట్టు మీద కూర్చుంటుంది. పంటు దిగిన ప్రతివాళ్ళూ తాడు పట్టిన మనిషికి ఒకసారి, ఆమెకి ఒకసారి దిగానని చెప్పి వెళ్తారు. ఆమె తల ఊపుతుంది. సాయంత్రం, ఒడ్డు మీది ఊళ్ళల్లో ఆ చేతుల సంగతి చెప్పి, ఆఖరి పంటులో సువర్చల వస్తుంది. ఆమె కూడా వచ్చి ఆ మాట చెప్పాకే నాంచారమ్మ మెట్టు మీంచి లేస్తుంది. లేచేముందు, రోజూ, పాయ వంక ఒకసారి చూస్తుంది.